బాగ్దాద్ పడిపోయింది సరే, మర్నాడు ఠాణాలో ఎవరున్నారు?

2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ ఫిర్దోస్ సెంటర్‌లో ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుసేన్ విగ్రహం కూలడం అప్పట్లో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ చూసే ఉంటారు. మార్చి 20న ఇరాక్ మీద అమెరికా దాడి మొదలైంది, మూడు వారాలకే రాజధాని చేతికొచ్చేసింది. ఆ తర్వాత మూడు నాలుగు రోజులు అక్కడ ఏం జరిగిందో మాత్రం చాలామందికి గుర్తుండదు. ఊళ్లో పోలీసన్నవాడు లేడు. సిగ్నల్ దగ్గర లేడు, ఠాణాలో లేడు, బ్యాంకు ముందు లేడు, అందరూ యూనిఫాం విప్పేసి ఇళ్లకెళ్లిపోయారు. అంతకు ఆరు నెలల ముందే, 2002 అక్టోబర్‌లో, సద్దాం జైళ్లు తెరిచేసి ఖైదీలకి క్షమాభిక్ష పెట్టాడు, బయటికొచ్చిన వాళ్లలో రాజకీయ ఖైదీలే కాదు దొంగలూ హంతకులూ కూడా ఉన్నారు. ఇంకేం కావాలి. ఆఫీసుల్లో కుర్చీలు పోయాయి, ఆస్పత్రుల్లో మంచాలు పోయాయి, గోడల్లోంచి వైర్లు పీకి రాగి అమ్ముకున్నారు. మొత్తం 23 మంత్రిత్వ శాఖల బిల్డింగుల్లో 17 పనికిరాకుండా పోయాయి. నేషనల్ మ్యూజియంలో దాదాపు 15 వేల వస్తువులు మాయమయ్యాయి, అందులో వేల ఏళ్లనాటి మెసొపొటేమియా ముద్రలు కూడా ఉన్నాయి. మ్యూజియం దగ్గర కాపలాకి అమెరికా ట్యాంకులు వచ్చింది ఏప్రిల్ 16న, అప్పటికే పోవాల్సినవి పోయాయి. ఆయిల్ మంత్రిత్వ శాఖకి మాత్రం మొదట్నుంచీ కాపలా ఉంది. జనం ఇది చూశారు, గుర్తుపెట్టుకున్నారు. విలేకర్లు అడిగితే అప్పటి అమెరికా రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ ఇలాంటివి జరుగుతుంటాయ్ అని తేల్చేశాడు.

చట్టం ప్రకారం చూస్తే అది తేల్చేసే విషయం కాదు. 1907 నాటి హేగ్ నిబంధనల్లో 43వ ఆర్టికల్ చాలా సూటిగా ఉంటుంది, పరాయి నేలని సైన్యం తన అదుపులోకి తీసుకుంటే అక్కడ శాంతిభద్రతలు చూసే బాధ్యత కూడా ఆ సైన్యానిదే. 2003 మే 22న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 1483వ తీర్మానంలో అమెరికా, బ్రిటన్లని ఆక్రమిత శక్తులుగా పేరు పెట్టి మరీ గుర్తించింది. కాగితం మీద బాధ్యత ఎవరిదో అందరికీ తెలుసు, రోడ్డు మీద దాన్ని మోసే మనుషులే లేరు.

ఎంతమంది కావాలన్న లెక్క యుద్ధానికి ముందే వచ్చింది. 2003 ఫిబ్రవరి 25న సెనేట్ కమిటీ ముందు అమెరికా ఆర్మీ చీఫ్ జనరల్ ఎరిక్ షిన్‌సెకీని అడిగితే కొన్ని లక్షల మంది సైనికులు కావాల్సొస్తుంది అన్నాడు. రెండు రోజులకే రక్షణ శాఖ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ ఆ లెక్క శుద్ధ తప్పన్నాడు. ఆయన వాదన ఏంటంటే, సద్దాంని దించడానికి పట్టే బలగం కన్నా దించాక ఊరు కాయడానికి ఎక్కువ బలగం కావాలంటే నమ్మడం కష్టం అని. వినడానికి బానే ఉంది, అసలు పొరపాటు కూడా సరిగ్గా అక్కడే ఉంది. యుద్ధంలో నాలుగు రోడ్లు, రెండు వంతెనలు, ఒక ఎయిర్‌పోర్టు, రేడియో స్టేషను, ఇవి పట్టుకుంటే అవతలి ప్రభుత్వం కూలుతుంది, మధ్యలో ఉన్న ఊళ్లని పక్కనుంచి దాటుకుంటూ పోవచ్చు, పోయారు కూడా. అదే బందోబస్తు అనుకోండి, దాటేసి వచ్చిన ఆ ఊళ్లన్నిట్లోనూ రేపొద్దున బడి తెరవాలి, బ్యాంకులో డబ్బులుండాలి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక మనిషుండాలి. ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థలో జేమ్స్ క్విన్లివాన్ అనే ఆయన 1995లోనే పాత అనుభవాలు కూడి చూసి, గొడవ ఎక్కువున్న చోట వెయ్యి మంది జనానికి 20 మంది దాకా బలగం పడుతుందని లెక్క చూపించాడు. ఇరాక్ జనాభా అప్పటికి సుమారు రెండున్నర కోట్లు, అంటే 5 లక్షల మంది. అక్కడున్న అమెరికా సైనికులు లక్షన్నర, అందులోనూ వంటవాళ్లు, డ్రైవర్లు, మెకానిక్కులు, సప్లై చూసేవాళ్లు తీసేస్తే రోడ్డు మీద తుపాకీ పట్టుకుని నిలబడేవాళ్లు ఇంకెంతమంది మిగుల్తారో ఊహించుకోవచ్చు.

సరే, ఇంకో మూడు లక్షల మందిని దింపితే సరిపోయేదా అంటే అదీ అనుమానమే. సైనికుడికి నేర్పేది శత్రువుని గుర్తించి కాల్చడం, కానిస్టేబుల్‌కి తెలిసుండాల్సింది ఆ వీధిలో ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరింట్లో పంచాయితీ నడుస్తోంది, కొత్తగా అద్దెకి దిగినోళ్లెవరు అన్నది. భాష రానివాడికి ఇందులో ఒక్కటి కూడా తెలిసే దారి లేదు. 2006లో ఇరాక్ స్టడీ గ్రూప్ అనే అమెరికా కమిటీ రిపోర్టు రాసేనాటికి బాగ్దాద్‌లోని అమెరికా ఎంబసీలో వెయ్యి మంది ఉంటే అరబిక్ వచ్చినవాళ్లు 33 మంది, అనర్గళంగా మాట్లాడగలిగేది ఆరుగురు. యుద్ధం మొదలై మూడేళ్లు దాటాక సంగతి ఇది. ఎంబసీలోనే అలా ఉంటే చెక్‌పోస్ట్‌లో ఎలా ఉంటుంది? ఆగమన్న సైగ అర్థంకాక కారు ఆపని కుటుంబాలు కాల్పుల్లో చనిపోయాయి, అర్ధరాత్రి తలుపులు బద్దలుకొట్టి ఆడవాళ్లుండే గదుల్లోకి బూట్లతో వెళ్లడం అనేది ఆ సమాజంలో ఎంత పెద్ద అవమానమో తెలిసేసరికి చాలా ఇళ్లు దూరమైపోయాయి. ఫల్లూజాలో మొదట పెద్ద యుద్ధమేం జరగలేదు. 2003 ఏప్రిల్ 28న ఒక స్కూల్లో మకాం వేసిన అమెరికా సైనికుల ముందుకి జనం నిరసనకి వచ్చారు, జనంలోంచే ముందు కాల్పులొచ్చాయని సైన్యం అంది, కాదని ఊరివాళ్లన్నారు, మొత్తానికి 17 మంది దాకా చనిపోయారు. ఏడాది తిరక్కుండా అదే ఊరు ప్రపంచం మొత్తానికీ తెలిసింది, 2004లో అక్కడ రెండు పెద్ద యుద్ధాలు జరిగాయి.

ఇక్కడిదాకా జరిగింది తొందరపాటు అనుకుందాం, 2003 మే నెలలో జరిగింది మాత్రం కూర్చుని సంతకాలు పెట్టి చేసింది. మే 12న అమెరికా పంపిన పాల్ బ్రెమర్ బాగ్దాద్‌లో దిగాడు, పరిపాలనంతా ఆయన చేతిలో. మే 16న మొదటి ఆర్డర్, సద్దాం పార్టీ అయిన బాత్ పార్టీలో పై నాలుగు హోదాల్లో ఉన్నవాళ్లకి ప్రభుత్వ ఉద్యోగం లేదు, పైగా మంత్రిత్వ శాఖల్లో, కార్పొరేషన్లలో, ఆస్పత్రుల్లో, యూనివర్సిటీల్లో పై మూడు వరసల్లో ఉన్నవాళ్లలో పార్టీ సభ్యత్వం ఉన్న ఎవరైనా అవుట్. సద్దాం హయాంలో పార్టీలో చేరకపోతే హెడ్‌మాస్టర్ కుర్చీ కూడా దక్కేది కాదు, కండువా కప్పుకుంటే తప్ప పని జరగని రోజులు ఎలా ఉంటాయో తెలుగు వాళ్లకి విడమర్చి చెప్పాల్సిన పన్లేదు. దాంతో నిజంగా చేతికి రక్తం అంటినవాళ్లతో పాటు, ఏ ఫైల్ ఏ బీరువాలో ఉందో, ఏ పంపుసెట్టుకి ఏ వాల్వు తిప్పాలో తెలిసిన మనుషులు కూడా ఇళ్లకెళ్లారు, వేలమంది టీచర్లు కూడా అందులో ఉన్నారు.

మే 23న రెండో ఆర్డర్. సైన్యం రద్దు. దాదాపు 3 లక్షల 85 వేల మంది ఒక్క కాగితంతో నిరుద్యోగులైపోయారు, ఇంటికి ఐదుగురు చొప్పున వేసుకున్నా దగ్గరదగ్గర 20 లక్షల మంది పొయ్యి దాని మీదే వెలుగుతోంది. బ్రెమర్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్న సమాధానం ఏంటంటే, ఆ సైన్యం అప్పటికే చెదిరిపోయింది, బలవంతంగా చేర్చుకున్న షియా కుర్రాళ్లు ఎలాగూ తిరిగిరారు, బ్యారక్‌లు కూడా లూటీ అయిపోయాయి, లేనిదాన్ని నేనెక్కడ రద్దు చేశాను అని. ఇందులో సగం నిజముంది. మిగతా సగం ఏంటంటే, ఇంటికెళ్లి పిలుపు కోసం చూస్తున్న ఆఫీసరు వేరు, నీకు ఉద్యోగం లేదు, రేపట్నుంచి పెన్షనూ లేదు అనిపించుకున్న ఆఫీసరు వేరు. బ్రెమర్‌కి ముందు ఆ పని చూసిన జే గార్నర్ వాళ్ల ప్లానేమో ఆ సైనికుల్ని వెనక్కి పిలిచి రోడ్లు బాగుచేయించడం, కాపలాలకి పెట్టడం. అది పక్కన పడింది. జూన్ 18న జీతాలడుగుతూ మాజీ సైనికులు బాగ్దాద్‌లో ఊరేగింపు తీస్తే అక్కడ జరిగిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఐదు రోజుల తర్వాత నెలనెలా కొంత భత్యం ఇస్తామని ప్రకటించారు. అంటే చివరికి డబ్బులెలాగూ ఇచ్చారు, ఓ నెల ముందే ఇచ్చుంటే పోయేదేముందో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పరు.

ఆ రోజుల్లోనే ఇంకోటి జరుగుతోంది, దేశమంతా ఆయుధ డంపులు తెరిచున్నాయి. సద్దాం ఇరాన్‌తో ఎనిమిదేళ్లు యుద్ధం చేసినవాడు, షెల్స్, బాంబులు లక్షల టన్నుల్లో పోగుపెట్టాడు. వాటన్నిటికీ కాపలా పెట్టే సైన్యం లేదు. బాగ్దాద్‌కి దక్షిణాన అల్ ఖఖా అనే ఒక్క చోటి నుంచే దాదాపు 377 టన్నుల శక్తివంతమైన పేలుడు పదార్థం కనిపించకుండా పోయిందని 2004 అక్టోబర్‌లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బయటపెట్టింది. పాత ఫిరంగి గుండు ఒకటి, ఒక సెల్‌ఫోన్, కొంచెం వైరు, వాటిని జోడించడం తెలిసిన మాజీ ఆర్మీ ఇంజనీరు ఒకడు. మన పేపర్లలో మందుపాతర అని రాసేదే అది, ఏజెన్సీ రోడ్ల మీద తెలుగు పోలీసులకి బాగా పరిచయమైందే. జీతం ఆగిన ఆఫీసర్నీ తలుపు తెరిచున్న డంపునీ ఒకే ఊళ్లో పెట్టారు, తర్వాతి ఏళ్లలో అమెరికా సైనికుల ప్రాణాలు అన్నిటికన్నా ఎక్కువ తీసింది ఇదే.

2003 ఆగస్టులో పేలిన మూడు బాంబుల్ని వరసపెట్టి చూస్తే అవతలి వాళ్లకి ఒక ప్లాన్ ఉందని తెలుస్తుంది. 7న జోర్డాన్ ఎంబసీ, 19న ఐక్యరాజ్య సమితి ఆఫీసున్న కెనాల్ హోటల్, 29న నజఫ్‌లో ఇమామ్ అలీ దర్గా. హోటల్ పేలుడులో సమితి ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లోతో కలిపి 22 మంది, నజఫ్‌లో షియా పెద్ద అయతుల్లా మహ్మద్ బాకిర్ అల్ హకీంతో పాటు పదుల మంది చనిపోయారు. మొదటి దెబ్బ పక్క దేశాలకి, రెండోది సాయానికొచ్చే సంస్థలకి, మూడోది షియా సున్నీల మధ్యకి. భద్రత లేకపోతే సాయం రాదు, సాయం రాకపోతే కరెంటూ నీళ్లూ రావు, అవి రాకపోతే జనం తిట్టేది ఊళ్లో కనిపించే విదేశీ సైనికుడినే. సమితి తన సిబ్బందిలో ఎక్కువమందిని వెనక్కి పిలిపించేసింది.

ఈ ఊబిలోకి మన సైన్యం కూడా దిగాల్సిందే, కొద్దిలో తప్పింది. 2003 వేసవిలో అమెరికా ఇండియాని ఒక డివిజన్ పంపమని అడిగింది, సుమారు 17 వేల మంది. వాజ్‌పేయి ప్రభుత్వంలో లోపల్లోపల గట్టి చర్చే నడిచింది, చివరికి జులై 14న సమితి ఆదేశం లేకుండా పంపలేమని చెప్పేశారు. 1987లో శ్రీలంకకి శాంతిసేనగా వెళ్లి వెయ్యికి పైగా సైనికుల్ని పోగొట్టుకున్న దేశానికి ఆ జాగ్రత్త ఉండటంలో వింతేమీ లేదు. ఆ మాటకొస్తే బాగ్దాద్ వీధులు మన సిపాయిలకి కొత్త కూడా కాదు, 1917లో బ్రిటిష్ జనరల్ మాడ్ బాగ్దాద్‌లోకి అడుగుపెట్టినప్పుడు ఆయన సైన్యంలో ఎక్కువమంది భారతీయులే, మేం విజేతలుగా కాదు విమోచకులుగా వచ్చాం అని ప్రకటన కూడా వేశాడు. 1920లో ఇరాక్‌లో చాలా భాగం బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడింది.

పాత పోలీసు లేడు కాబట్టి కొత్త పోలీసుని తయారుచేద్దాం అనుకున్నారు. ఎన్నివేల మందికి ట్రైనింగ్ ఇచ్చాం అన్న అంకె మీదే అందరి దృష్టీ, వాడు ఎవరి మనిషి అన్నది అడిగినవాళ్లు తక్కువ. కొన్ని వారాల ట్రైనింగు, ఒక తుపాకీ, ఒక చొక్కా. ఆ తుపాకులు కూడా ఏమయ్యాయంటే, దాదాపు 1 లక్షా 10 వేల ఏకే రైఫిళ్లు, 80 వేల పిస్టళ్లు ఎవరి దగ్గరున్నాయో రికార్డులో లేదని 2007లో అమెరికా ఆడిట్ సంస్థే తేల్చింది. 2004 నవంబర్‌లో తిరుగుబాటుదార్లు ఉత్తరాన ఉన్న మోసూల్ నగరం మీద పడితే అక్కడి పోలీసులు వేలల్లో ఠాణాలొదిలేసి వెళ్లిపోయారు. వాళ్లని పిరికివాళ్లనడం తేలిక. మిలిటరీ బండి పొద్దున వస్తుంది, సాయంత్రానికి క్యాంపులోకి వెళ్లిపోతుంది, ఆ కానిస్టేబుల్ మాత్రం అదే వీధిలో పడుకోవాలి, వాడి పిల్లలు అదే బడికెళ్లాలి. పగలు ఖాకీలు రాత్రి అన్నలు అన్న రోజులు చూసిన ఉత్తర తెలంగాణ పల్లెల్లో వాళ్లకి, ఇన్ఫార్మర్ నెపంతో అన్న మాట పేపర్లో చదివి పెరిగినవాళ్లకి ఆ భయం ఎలాంటిదో కొత్తగా చెప్పక్కర్లేదు. సమాచారం ఇస్తే కాపాడేవాడు లేడు, సమాచారం లేకపోతే కాపాడటం కుదరదు, అక్కడే గిరగిరా తిరిగారు ఏళ్లపాటు.

ఇంకోపక్క చొక్కా వేసుకుని ఠాణాలో ఉండిపోయిన వాళ్లు ఉన్నారే, అది ఇంకా పెద్ద సమస్య. 2005లో కొత్త ప్రభుత్వం వచ్చాక హోం శాఖలోకి షియా మిలీషియాల మనుషులు నేరుగా చేరిపోయారు. ఆ నవంబర్‌లో బాగ్దాద్ జాదిరియా ప్రాంతంలో హోం శాఖ బంకర్‌లో దాదాపు 170 మంది ఖైదీలు దొరికారు, చాలామంది ఒంటి మీద చిత్రహింసల గుర్తులు, ఎక్కువమంది సున్నీలు. 2006 ఫిబ్రవరి 22న సమర్రాలో షియాల పవిత్ర అస్కరీ మసీదుని పేల్చేశాక ఇక అడ్డేముంది, రాత్రి తలుపు కొట్టింది పోలీసా, పోలీసు బట్టల్లో వచ్చిన హంతకుడా అన్నది బాగ్దాద్‌లో ఎవరికీ తెలిసేది కాదు. చాలాసార్లు రెండూ ఒకటే.

తెలుగు నేల మీద కూడా ఇలాంటిదే జరిగింది, చిన్న స్థాయిలో. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17కల్లా నిజాం చేతులెత్తేశాడు. విలీనం అనాలా విమోచన అనాలా, వేరే పేరు పెట్టాలా అన్న తగాదా ప్రతి ఏడూ సెప్టెంబర్‌లో నడుస్తూనే ఉంటుంది, అదిక్కడ వద్దు. ఐదు రోజుల్లో గెలుపు, తర్వాత వారాల్లో ఏం జరిగిందన్నదే ఈ వ్యాసానికి కావాల్సింది. రజాకార్ల దురాగతాలకి రగిలి ఉన్న పల్లెల్లో పాత పోలీసు, పాత అధికారం ఒక్కసారిగా మాయమయ్యాయి, కొత్తది ఇంకా రాలేదు, ఆ ఖాళీలో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద పడ్డారు, కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా అందులో పాల్గొన్నారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని దాని అంచనా, ఆ రిపోర్టు జనం చేతికొచ్చింది 2013లో. తెలంగాణ జిల్లాల్లో కథ వేరు, సైన్యం వెనకాలే దేశ్‌ముఖులు గడీలకి తిరిగొచ్చి పంచిన భూములు లాక్కోవడం మొదలుపెట్టారు, సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. ఉర్దూలో నడిచే ఆఫీసుల్లోకి మద్రాసు నుంచీ ఇతర రాష్ట్రాల నుంచీ అధికార్లని తెచ్చిపెట్టారు, ఆ మంట 1952 ముల్కీ ఉద్యమంగా బయటికొచ్చింది. అయినా హైదరాబాద్ ఇరాక్ కాలేదు. సరిహద్దుకి నాలుగు వైపులా అదే దేశం, జనంలో ఎక్కువమందికి భాషలు కలిసేవి, జనరల్ చౌధురి సైనిక పాలన ఏడాదికి పైగా నడిచి ఆపైన సివిల్ ప్రభుత్వానికి చేతులు మారింది, సాధారణ ఎన్నికలు 1952కల్లా అయిపోయాయి. ఒడ్డున పడటానికి ఇన్ని అనుకూలాలు కావాల్సొచ్చాయి.

1945 జర్మనీ, జపాన్ల ఉదాహరణ చాలామంది తెస్తారు. జర్మనీకి మిలిటరీ పాలన ఎలా చేయాలో అమెరికా 1942 నుంచే ఆఫీసర్లకి స్కూలు పెట్టి నేర్పింది, యుద్ధం ముగిసేసరికి యూరప్‌లో లక్షల సైన్యం ఉంది. జపాన్‌లో చక్రవర్తినీ గుమస్తానీ ఇద్దర్నీ అలాగే ఉంచేసింది. బాగ్దాద్‌లో ఆ మూడింట్లో ఒక్కటీ లేదు, పోలిక అక్కడితో ఆపేయొచ్చు.

2007లో అదనంగా 30 వేల మంది సైనికుల్ని దింపారు, పెద్ద క్యాంపులొదిలి వీధుల్లోనే చిన్న పోస్టులు పెట్టుకున్నారు, బజార్ల చుట్టూ ఎత్తైన కాంక్రీటు గోడలు లేపారు. హింస బాగా తగ్గింది, దానికి బలగమే కారణమని కొందరంటారు. అప్పటికే బాగ్దాద్ పేటలు షియా పేట, సున్నీ పేటగా విడిపోయి చంపడానికి పక్కింటివాడే మిగల్లేదన్నది ఇంకో కారణం. అన్నిటికన్నా ముఖ్యమైంది డబ్బు. పశ్చిమాన అన్బార్ ప్రాంతంలోని సున్నీ తెగల పెద్దలు అల్ ఖైదాతో చెడి అమెరికా వైపు తిరిగారు, దాదాపు లక్షమంది స్థానికుల్ని నెలకి సుమారు 300 డాలర్లిచ్చి వాళ్ల వీధులకి వాళ్లనే కాపలా పెట్టారు. వాళ్లలో చాలామంది నిన్నటిదాకా మందుపాతరలు పెట్టినవాళ్లే. 2003 మేలో ఆపిన జీతాన్ని నాలుగేళ్ల తర్వాత వేరే పద్దు కింద మళ్లీ మొదలుపెట్టినట్టయింది, మధ్యలో పోయిన ప్రాణాలు వేల లెక్కలో ఉన్నాయి.

ఆ లక్షమందిలో ఐదో వంతుని పోలీసులో, సైన్యంలో తీసుకుంటామని, మిగతావాళ్లకి వేరే పనులు చూపిస్తామని అప్పటి ప్రధాని నూరీ అల్ మాలికీ ప్రభుత్వం ఒప్పుకుంది. పని నత్తనడక, జీతాలు ఆలస్యం, కొందరు అరెస్టయ్యారు, అమెరికా సైన్యం 2011 డిసెంబర్‌లో వెళ్లిపోయింది. 2014 జూన్ 10న మోసూల్ ఐసిస్ ఉగ్రవాదుల చేతికి పోయింది, కాగితాల మీద అక్కడ వేలల్లో ఉన్న సైన్యం యూనిఫాంలు విప్పి పారిపోయింది, 2003 ఏప్రిల్‌లో లాగే. ఆ ఐసిస్‌ని కట్టినవాళ్లలో హాజీ బక్ర్ అని పిలిచే ఒకడున్నాడు, సద్దాం సైన్యంలో పాత కల్నల్. ఆ ఏడాది నవంబర్ చివర్లో కొత్త ప్రధాని హైదర్ అల్ అబాదీ జీతాల చిట్టా తిరగేయిస్తే 50 వేల మంది సైనికులు అసలు లేనేలేరని తేలింది, పేర్లున్నాయి, జీతాలు డ్రా అవుతున్నాయి, మనుషుల్లేరు, మన భాషలో చెప్పాలంటే దొంగ మస్టర్లు. గెలిచిన కొత్తలో మనుషులుండి జీతాలు లేవు, పదకొండేళ్లకి జీతాలుండి మనుషుల్లేరు. ఆ జూన్, జులైల్లో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఎన్నో ఇళ్లవాళ్లు ఇరాక్‌లో కూలికెళ్లిన మనిషి ఫోనెత్తుతాడా లేదా అని కూర్చున్నారు.

మోసూల్ పడిన మూడో రోజు, జూన్ 13న, ఇరాక్ షియాల పెద్ద మతగురువు అయతుల్లా సిస్తానీ తరఫున ఫత్వా వచ్చింది, చేతనైనవాళ్లు ఆయుధం పట్టండని. వేల మంది వచ్చారు, ఉన్న మిలీషియాలూ కొత్తగా వచ్చినవాళ్లూ కలిసి హష్ద్ అల్ షాబీ అనే దళాల కూటమి అయింది. మోసూల్‌ని వెనక్కి తెచ్చుకోవడానికి 2017 జులై దాకా పట్టింది, తొమ్మిది నెలల యుద్ధం, పాత ఊరంతా రాళ్ల కుప్ప. 2016 నవంబర్‌లోనే పార్లమెంటు చట్టం చేసి హష్ద్‌ని ప్రభుత్వ దళంగా గుర్తించింది, ఇప్పుడు వాళ్లకి జీతం ఖజానా నుంచే వస్తుంది, వాళ్లలో చాలా దళాలు మాత్రం ఆర్డరు తమ సొంత నాయకుడి దగ్గరే తీసుకుంటాయి.